మైకు బాక్సు చిరిగిన శనివారం

ఎవరూ అడగనప్పుడు చెప్పకుండా ఊరుకుంటే అది అబద్ధమవుతుందా? పన్నెండేళ్లుగా నన్ను వదలని సందేహం ఇది. నేను పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి, నాలుగెకరాల్లో పత్తి, సోయా వేసుకుని బతికేవాణ్ణి. ఇలాంటివాటికి నా అంతట నేను జవాబు తేల్చుకోలేను. అందుకే మా సంఘానికి మారి వచ్చిన పాస్టరయ్యగార్లను ఒక్కొక్కరినీ అడిగాను, సంగతేమిటో మాత్రం చెప్పకుండా. మొదటి అయ్యగారు, "అబద్ధమాడవద్దన్నాడు దేవుడు, ఉన్నవన్నీ చెప్పుమనలేదు" అన్నారు. ఆ మాట పట్టుకుని మూడేళ్లు గడిపాను. రెండో అయ్యగారు, "నువ్వు చెప్పకపోవడం వల్ల ఎవరికన్నా నష్టం జరిగిందా?" అని ఎదురడిగారు. ఆయన్ని మళ్లీ ఏదీ అడగలేదు. ఇప్పుడున్న ఆయన చిన్న వయసువారు. నా ముఖం చూసి, "ఆ జవాబు మీ దగ్గరే ఉన్నట్టుంది అంకుల్" అన్నారు.

మా ఊరు ఇచ్చోడకు ఐదు కిలోమీటర్లు. మిషన్ దొరల కాలంలో కట్టిన చిన్న గుడి, పైన రేకులు. సంఘంలో అరవై కుటుంబాలు. ఏటా కోత పండుగకు ఇంటింటివాళ్లు గుమ్మడికాయలు, కోళ్లు, జొన్న సంచులు తెస్తారు. వాటిని గుడి ముందరే వేలం వేస్తాం. ఒక ఏడు ఆ వేలం డబ్బుతో మైకు మిషను, రెండు స్పీకరు బాక్సులు కొన్నాం. వాటిని చూసుకునే పని నాకు అప్పగించారు. తాళంచెవి నా మొలతాడుకే ఉండేది.

ఆ రోజుల్లో జోయల్‌కు ఇరవై ఏళ్లు. గంగుబాయి ఒక్కగానొక్క కొడుకు. గిటారు చక్కగా వాయించేవాడు. పత్తి ఏరిన కూలి కూడబెట్టుకుని నాగపూర్ పోయి ఒక డబ్బా తెచ్చాడు. అరచేతికన్నా కొంచెం పెద్దది, ఇనుముది, నారింజ రంగు. గిటారుకూ మిషనుకూ నడుమ దాన్ని తగిలించి, కాలితో నొక్కితే గిటారు శబ్దం గరుకై గర్జించినట్టు వస్తుంది. డిస్టార్షన్ పెడల్ అంటారని చెప్పాడు. ఆదివారం ఒక పాటకు వాయిస్తానన్నాడు. సరేనన్నాను.

దానికి ముందురోజు శనివారం. మధ్యాహ్నం నేను గుడి ఊడ్చి, మైకు సరిచూద్దామని పోయాను. బదిలీ అయి వెళ్లిన అయ్యగారి అబ్బాయి ఒక బేసు గిటారును గుడికి ఇచ్చిపోయాడు. నాలుగే తీగలు, లావుగా ఉంటాయి. అది గోడకు ఆనించి ఉంది. లోపల ఎవరూ లేరు. దాని వైరు తెచ్చి మైకు రంధ్రంలో పెట్టాను. మాట కోసం చేసిన మిషను బేసును ఓర్చుకోదని నాకు తెలియదు. లావు తీగ మీటితే బెంచీలు వణికాయి. నా అరికాళ్ల కింద నేల వణికింది. ఇంకొంచెం పెంచాను. మళ్లీ పెంచాను. నిజం చెప్పాలంటే ఆ పది నిమిషాలూ నేను దేవుని సన్నిధిలో ఉన్నాననే అనుకున్నాను. ఇప్పటికీ ఆ సంతోషం తప్పనిపించదు. అప్పుడే ఎడమ బాక్సులోంచి పాత చీర చింపినట్టు పర్రుమన్నది. వెంటనే ఆపేశాను. వైరు చుట్టి, గిటారును ఉన్నచోటే పెట్టి, తాళం వేసుకుని ఇంటికి పోయాను. తెల్లారేసరికి అదే సర్దుకుంటుందని నాకు నేను చెప్పుకున్నాను. మనిషికి నొప్పి తగ్గినట్టు బాక్సుకు తగ్గుతుందా?

ఆదివారం మైకు వేయగానే మొదటి పాట జోయల్‌దే. పెడల్ నొక్కాడు. గుడి గర్జించింది. కొందరు చెవులు మూసుకున్నారు. పాట అయ్యాక కాలు తీశాడు. ఆ తరువాత అయ్యగారు వాక్యం చదువుతుంటే ఎడమ బాక్సులోంచి ఆయన గొంతు కూడా బర్రుమంటూ వచ్చింది. అందరి తలలూ ఆ నారింజ రంగు డబ్బావైపు తిరిగాయి.

"బర్రుమనే డబ్బ పెడితె బాక్సు బర్రుమనదా మరి? చింపి పారేసింది" అన్నాడు సాల్మన్. ఆయన సంఘ పెద్ద.

కూడిక అయ్యాక జోయల్ నా దగ్గరకు వచ్చాడు. "మామా, నేనే ఖరాబు జేసిన గద" అన్నాడు.

వాడి భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే బిడ్డా, ఫికరు జెయ్యకు" అన్నాను. ఆ మాటలో అబద్ధం లేదు. నేను ఎన్నోసార్లు తిప్పి తిప్పి చూసుకున్నాను, అబద్ధం లేదు.

కమిటీ వాడిని డబ్బు అడగలేదు. మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. గుడికి నష్టం చేసినవాళ్లు ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు ఆ బల్ల మెట్టు దగ్గర నిలబడి, నా వల్ల జరిగింది, క్షమించండి అని చెప్పుకోవాలి. తరువాతి నెల మొదటి ఆదివారం జోయల్ నిలబడ్డాడు. రెండు నిమిషాలు. మాటలు తక్కువే, ఆగి ఆగి చెప్పాడు. గంగుబాయి ఎప్పుడూ ఆడవాళ్లవైపు మూడో బెంచీలో కూర్చునేది. ఆ మరుసటి వారం నుంచి తలుపు దగ్గర, చెప్పులు విడిచే చోట కూర్చోవడం మొదలుపెట్టింది. కాలితో నొక్కే డబ్బాలు గుడిలోకి తేవద్దని కమిటీ తీర్మానం రాసింది. కింద నా సంతకం కూడా ఉంది. వానాకాలం రాగానే జోయల్ కరీంనగర్ వెళ్లి ఒక వాద్యాల దుకాణంలో పనికి కుదిరాడు. పండుగలకు వస్తాడు, గుడిలో పాడతాడు, గిటారు ముట్టడు.

ఈ ఏడు కోత పండుగ వేలం బాగా పలికింది. గిటారుకొకటి, బేసుకొకటి ఆంప్లిఫయర్లు కొనాలని కమిటీ అనుకున్నది. పాత బేసును ఇప్పుడు వాయించేది మా అమ్మాయి క్యాథరిన్. ఆదిలాబాద్‌లో డిగ్రీ చదువుతోంది. మైకు సంగతి తెలిసినవాణ్ణని నన్నూ, వాయించేదని దాన్నీ పంపుదామన్నారు.

"నిజామాబాద్ పోదాం బిడ్డా" అన్నాను ఇంట్లో.

"కరీంనగర్ల జోయలన్న ఉన్నడు గద బాపు. ఫోన్ గూడ జేసిన. రమ్మన్నడు."

నా భార్య ప్రేమమ్మ జొన్నరొట్టె తిప్పుతూ, "మనూరి పిలగాడు ఉండంగ వేరేటోళ్ల దగ్గరికెందుకు? ఎప్పుడు కరీంనగరన్నా నీకు కడుపునొప్పి లేస్తది" అన్నది.

నాకు ఇంకో సాకు దొరకలేదు. పొద్దున్నే నిర్మల్ బస్సెక్కి, అక్కడినుంచి జగిత్యాల మీదుగా కరీంనగర్ చేరేసరికి పదకొండున్నర అయ్యింది. దారంతా క్యాథరిన్ ఒక్కటే మాట. పెడల్ కూడా కావాలట. తనకు కాదు, గిటారు వాయించే పిల్లకు.

"తీర్మానం ఉన్నది గద బిడ్డా."

"గది ఎప్పటిదో. పెడల్ బాక్సును చింపుతదా ఏంది? జోయలన్ననే అడుగుదాం. ఆయన చెప్పింది పెద్దలకు చెప్తె తీర్మానం తీసేస్తరు."

నేను కిటికీలోంచి బయటకు చూశాను.

దుకాణం యజమాని సదానందం గల్లా దగ్గర ఉన్నాడు. జోయల్ లోపల బల్ల మీద ఏదో బాక్సు విప్పి పెట్టుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. కణతల దగ్గర జుట్టు నెరిసింది. ముప్పై రెండేళ్లకే.

"వందనాలు మామా. మంచిగున్నరా? చాయ్ తాగుతరా, అన్నం దింటరా?"

"ముందు పని చూద్దాం" అన్నాను. వాడి కళ్లలోకి చూడలేక దుకాణమంతా చూశాను.

"పెద్దది తీస్కోండ్రి" అన్నాడు సదానందం, నడుముదాకా వచ్చే ఒక ఆంప్లిఫయర్ మీద తడుతూ. "దేవుని పని. కంజూసు జెయ్యొద్దు."

"దేవునికి చెవుడు లేదు సేట్" అన్నాడు జోయల్.

తరువాత నన్ను కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టాడు. గుడి తనకు తెలిసిందే అయినా, మారిందేమో అని. పైన ఇంకా రేకులేనా? ఫ్యాన్లు ఎన్ని? ఎర్తింగు ఉందా? కరెంటు పోతే ఇన్వర్టరు మీద నడపాలా? గిటారు తీగలు పట్టుకుని మైకుకు పెదవి తగిలిస్తే జుమ్మంటుందా? జుమ్మంటుందని క్యాథరిన్ చెప్పింది. "గట్లయితె ముందుగాల ఎర్తింగు బెట్టియ్యి మామా. ఆంపులు అటెనుక. పిల్లలకు షాకు గొడితె పాటలెందుకు" అన్నాడు. పన్నెండేళ్లుగా ఆ గుడి మైకును చూస్తున్నవాణ్ణి, నాకు ఆ ఆలోచనే రాలేదు.

గిటారుకు చిన్నది చూపించాడు, ఇరవై వాట్లది. వెనక సగం తెరిచి ఉంది. మా గుడికి అది సగం తిప్పితేనే ఎక్కువన్నాడు. బేసుకు వేరేది. నాలుగువైపులా మూసిన పెట్టె, లోపల పళ్లెమంత స్పీకరు, వంద వాట్లు. నేను ఎత్తి చూశాను. గింజల బస్తాలా ఉంది.

"రెండిటికి ఒక్కటి సరిపోదా జోయలన్నా? పైసలు మిగులుతయి" అన్నది క్యాథరిన్.

"సరిపోదు చెల్లె. ఇటు చూడు." బల్ల మీద విప్పిన బాక్సు తెచ్చాడు. నడుమ నల్లని కాగితం గిన్నెలా ఉంది. వేలితో దాన్ని లోపలికి నొక్కి వదిలాడు. "గీ కాగితం ఊగితెనే సప్పుడు. బేసు తీగ గొడితె గింత ముందుకు రావాలె, గింత ఎనుకకు పోవాలె. దానికోసం గట్టి కాగితం, వెడల్పు పెట్టె గావాలె. చిన్న గిటారు ఆంపుల బేసు పెడితె ఆగదు. మైకు బాక్సులనైతె ఇగ చెప్పొద్దు. గది మాటకోసం జేసింది. ఒక్క పావుగంట గట్టిగ వాయిస్తె పర్రున చిరుగుతది."

పర్రున అన్నాడు.

"మరి పెడల్?" అన్నది క్యాథరిన్.

అద్దాల బీరువాలోంచి రెండు తీశాడు. మొదటిది తగిలించి క్యాథరిన్‌ను గిటారు మీటమన్నాడు. దుకాణమంతా రంపం కోసినట్టయింది. క్యాథరిన్ ముఖం వెలిగింది. "గిదే" అన్నది.

"ఆగు. దుకాణంల అందరికి గిదే నచ్చుతది. గుడిల పది మంది పాడుతుంటె పాట మాట వినబడదు. గుడిల మాట ముఖ్యం." రెండోది తగిలించి, గరుకు పెంచే గెయిన్ అనే నాబ్‌ను మూడోవంతు మాత్రమే తిప్పాడు. ఈసారి శబ్దం కొంచెం గరుకుగా, మనిషి గొంతు బొంగురు పోయినట్టు వచ్చింది. మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే గరుకుగా. "గిది చాలు" అన్నాడు.

"గిది బాక్సును చింపుతదా జోయలన్నా?"

"చింపదు చెల్లె. పెడల్ సప్పుడును చింపుతది, కాగితాన్ని గాదు. ఎంత గర్జించినా బాక్సుకు ఏం గాదు, వాల్యూం నీ చేతిల ఉన్నంతసేపు."

"మరి మన గుడిల నీ పెడలే చింపిందన్నరు?"

జోయల్ వైరు చుడుతూ ఉన్నాడు. చుట్టడం ఆపలేదు. "నేను గూడ గట్లనే అనుకున్న. గీ పనిల చేరిన రెండో ఏడు తెలిసింది, నాది గాదని."

"ఎవరు చింపిన్రు మరి?"

"నేను అడుగలే. అడిగితె ఎవరో ఒకరు అబద్ధమాడాల్సొస్తది."

క్యాథరిన్ నా వైపు తిరిగింది. "బాపు, మైకు నువ్వే చూస్తుంటివి గద. నీకు తెల్వదా, ఎట్ల చిరిగిందో?"

పన్నెండేళ్లలో ఎవరూ అడగని మాట. అడిగింది నా బిడ్డ. ఎదురుగా జోయల్. చెప్పడానికి అంతకన్నా మంచి చోటు దేవుడు ఇంకెక్కడ చూపిస్తాడు?

"అప్పుడు గుడిల ఎలుకలు శాన ఉండె" అన్నాను.

జోయల్ పెడల్ తీసుకుని బీరువాలో పెట్టి అద్దం జరిపాడు. "తీర్మానం తీసేసినంక కొనండ్రి. తొందరేం లేదు" అన్నాడు. సదానందంతో మాట్లాడి ధర తగ్గించాడు. బేసు ఆంప్లిఫయరును తనే ఆటోదాకా మోశాడు. ఆటో కదిలేముందు, "మా అవ్వ మోకాళ్లు ఎట్లున్నయి మామా? ఫోన్ల అడిగితె మంచిగున్నయంటది" అన్నాడు.

"మంచిగనే నడుస్తది" అన్నాను. గంగుబాయి ఇప్పటికీ తలుపు దగ్గర నేల మీద కూర్చుని, లేవడానికి గోడ పట్టుకుంటుందని చెప్పలేదు. ముందు వరుసల్లో బెంచీలు ఖాళీగా ఉన్నా.

బస్సులో కండక్టరు పెట్టెను చూసి, "ఏంది పెద్దాయనా, కూలరా?" అన్నాడు. "పాటల డబ్బ" అన్నాను. "మరి పాడుమను, లగేజి టికెటు గొట్టను" అన్నాడు. బస్సంతా నవ్వింది. క్యాథరిన్ కూడా. నాకు నవ్వు రాలేదు. ఇన్నాళ్లూ నేను అబద్ధమాడలేదనే ఒక్క గడ్డిపోచను పట్టుకుని ఉన్నాను. ఆ పోచను ఎలుకలకు వేసి వచ్చాను. ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకుంటే మొదటి మాటే రాలేదు. ఆయనకు తెలిసింది ఆయనకే చెప్పి ఏం లాభం?

నిర్మల్ బస్టాండులో మా ఊరివైపు బస్సుకు ఇంకా గంట ఉంది. రెండు పెట్టెల నడుమ బెంచీ మీద కూర్చున్నాం.

"బిడ్డా" అన్నాను. "ఎలుకలు గాదు."

"ఏంది?"

"మైకు బాక్సు. శనివారం నేనే బేసు పెట్టి వాయించిన. నా చేతులనే చిరిగింది."

క్యాథరిన్ చాయ్ గ్లాసును బెంచీ మీద పెట్టింది. తరువాత, "ఎలుకలు పాపం" అన్నది. ఆ మాటలో కోపం ఉండి ఉంటే తట్టుకునేవాణ్ణి. "జోయలన్న నిలబడ్డప్పుడు నువ్వు యాడ ఉన్నవు?"

"మైకు దగ్గర."

ఫోన్ తీసి నంబరు కలిపి, నా చేతికిచ్చింది. అవతల ఎవరో గిటారు శృతి చేస్తున్నారు. జోయల్ "మామా, బస్సు దొరికిందా?" అన్నాడు. చెప్పాను. మొదటినుంచి చివరిదాకా, బెంచీలు వణికినప్పటి సంతోషం కూడా దాచకుండా.

"తెలుసు మామా" అన్నాడు. "బేసు చింపిందని తెలిసినంక ఇంకెవరిది? తాళంచెవి నీ దగ్గరనే ఉండె."

"తిట్టకపోతివి ఒక్కనాడన్న?"

"తిట్టుకున్న. యాడాది తిట్టుకున్న. నాకు చెప్తె ఏం లాభం మామా. మా అవ్వ గిప్పటిదాక నేనే చింపిన అనుకుంటది. నా కొడుకు తప్పు జేసిండని తలుపుకాడ కూసుంటది. నేను చెప్పిన, నాది గాదని. కొడుకు గట్లనే చెప్తడు అనుకున్నది. ఆమెకు జెప్పాల్సింది నా నోటితోటి గాదు."

ఆదివారం పొద్దున్న అయ్యగారిని పక్కకు పిలిచి, ఒక మాట చెప్పుకోవాలన్నాను. సాక్ష్యమా అని అడిగారు. ఒప్పుకోలు అన్నాను. ఆయన తల ఊపారు. ఎందుకని అడగలేదు.

ఆంప్లిఫయర్లు కొత్త గుడ్డ కప్పుకుని గోడ పక్కన ఉన్నాయి. పాటలయ్యాక సాక్ష్యాలు మొదలయ్యాయి. ఒకరి బర్రె ఈనింది, ఒకరి కొడుక్కు దుబాయిలో పని దొరికింది, దేవునికి స్తోత్రమన్నారు. నేను లేచి బల్ల మెట్టు దగ్గరకు పోయాను. మైకు తీసుకోలేదు. అరవై కుటుంబాల ముందు అక్కడ నిలబడితే గుడి ఎంత పెద్దదిగా కనిపిస్తుందో నాకు అప్పుడే తెలిసింది. జోయల్‌కు ఇరవై ఏళ్లప్పుడు ఇంత పెద్దదిగా కనిపించి ఉంటుంది.

"పన్నెండేండ్ల కింద మైకు బాక్సు చింపింది జోయల్ గాదు, వాని పెడల్ గాదు. ముందురోజు నేను బేసు గిటారు పెట్టి వాయిస్తె చిరిగింది. నాకు తెలిసి వాణ్ణి నిలబడనిచ్చిన. తీర్మానం మీద సంతకం గూడ జేసిన."

ముందు బెంచీలో సాల్మన్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. ఆయనకు ఎనభై దాటాయి. "ఏమంటుండు?" అని పక్కవాణ్ణి అడిగాడు.

పక్కవాడు చెప్పలేదు. నా వైపు చూశాడు. నేను మళ్లీ మొదటినుంచి చెప్పాను, ఈసారి గట్టిగా, ఆయనకు వినబడేలా. ఒకసారి చెప్పడంకన్నా రెండోసారి చెప్పడం కష్టం. సాల్మన్ విని, చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని నేల చూశాడు. ప్రేమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దానికీ ఇదే మొదలు వినడం.

తలుపు దగ్గర గంగుబాయి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేను ఆమెవైపు తిరిగాను.

"అవ్వా, నీ కొడుకు నిలబడాల్సింది గాదు. నేను నిలబడాల్సింది. నన్ను క్షమించు" అన్నాను.

ఆమె నన్ను చూస్తూనే ఉంది. ఆమె చెప్పేదాకా కదలవద్దనుకున్నాను. గోడ గడియారం కొట్టుకోవడం వినిపిస్తోంది. జోయల్ నిలబడ్డ రెండు నిమిషాలూ దాటి ఉంటాయి.

"ఇగ కూసో అబ్రహాం" అన్నది గంగుబాయి.

పోయి నా బెంచీలో కూర్చున్నాను.